మా ఊరి రామప్పంతులు

మా నాన్న స్నానం చేసి వచ్చి తువ్వాలు భుజం మీద వేసుకునేటప్పుడు ఒక్కోసారి మామూలుగా వేసుకునేవారు కాదు. రెండు అంచులూ పట్టుకుని ఒకసారి గట్టిగా దులిపి, గెడ్డం కాస్త పైకెత్తి, ఎడం భుజం మీదకి విసిరి, ఓరకంట వంటింటి వైపు చూసేవారు. అమ్మ లోపల్నుంచే "చాల్లెండి రామప్పంతులు గారూ, అన్నం చల్లారిపోతోంది" అనేది. రామప్పంతులు ఎవరో నాకప్పటికి తెలీదు. మా దూరపు చుట్టాల్లో ఎవరో అనుకునేవాణ్ణి.

మాది విజయనగరం. నాన్న తాలూకా ఆఫీసులో గుమస్తా. జె.వి. సోమయాజులు గారు అంటే లోకానికంతటికీ శంకరాభరణం శంకరశాస్త్రి, కానీ మా ఇంట్లో ఆయన అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే కన్యాశుల్కం నాటకంలోని టక్కరి రామప్పంతులు. ఆయన పోయి ఇన్నేళ్లయినా ఎవరైనా "శంకరాభరణం సోమయాజులు" అంటే నాకు ఎక్కడో చిన్న వెలితిగా ఉంటుంది, సగం పేరే చెప్పినట్టు. ఆ మిగతా సగం గురించి రాయాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను.

కన్యాశుల్కం గురించి మా ఊరివాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. గురజాడ అప్పారావు గారు రాసిందీ ఇక్కడే, 1892లో మొదటిసారి ఆడిందీ ఇక్కడే. తెర లేవగానే గిరీశం నిలబడి ఉండేది మా బొంకులదిబ్బ మీదే. కోట దగ్గర్నుంచి మూడు లాంతర్లకి నడిచి వెళ్లేవాళ్లెవరైనా సరే ఆ నాటకంలోని మనుషుల్ని తమ వీధివాళ్లలాగే చెప్పుకుంటారు. వడ్డీ డబ్బు కోసం ప్రాణం పెట్టేవాణ్ణి లుబ్ధావధాన్లు అనడం, నోరు పారేసుకునేవాణ్ణి అగ్నిహోత్రావధాన్లు అనడం మా వీధిలో మామూలు మాట. ఇంటర్లో ఆ పుస్తకం నా చేతికి వచ్చేనాటికే అందులో సగం మంది నాకు తెలిసినవాళ్లు.

1950ల నుంచీ ఆ నాటకాన్ని భుజాన వేసుకుని తిరిగినవాళ్లు జొన్నలగడ్డ అన్నదమ్ములు. అన్నగారు సోమయాజులు రామప్పంతులు, తమ్ముడు రమణమూర్తి గారు గిరీశం. శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం వాళ్లది. అంటే ఆ నాటకంలోని యాస వాళ్లు నేర్చుకున్నది కాదు, ఇంట్లో మాట్లాడుకున్నదే. నాటకంలోని వేశ్య మధురవాణితో రామప్పంతులు మాట్లాడే ఆ తీపి మాటా, వెంటనే జారుకునే ఆ మాటా, వ్యవహారాలు వచ్చినప్పుడు కోర్టు కాగితంలా బిగుసుకుపోయే ఆ మాటా, ఇవన్నీ మా అగ్రహారాల అరుగుల మీద ఎప్పుడూ వినపడేవే.

నాన్న 1932లో పుట్టారు. ఇరవై మూడేళ్లప్పుడో ఇరవై నాలుగేళ్లప్పుడో మొదటిసారి చూశారట. అప్పట్నుంచి ఆ నాటకం చుట్టుపక్కల ఎక్కడ ఆడినా సైకిలేసుకుని పోయేవారు. ఒకసారి చీపురుపల్లి దాకా సైకిలు తొక్కి రాత్రంతా చూసి, పొద్దున్నే తిరిగొచ్చి నేరుగా ఆఫీసుకి పోయారని మామ్మ చెప్పేది. చెప్పేటప్పుడు తిట్టినట్టే చెప్పేది కానీ, ఆ కథ ఏ పండక్కి ఎవరొచ్చినా తప్పకుండా చెప్పేది.

పైగా సోమయాజులు గారిది రెవెన్యూ డిపార్టుమెంటు. ఇది నాన్నకి పెద్ద గర్వం. "మా డిపార్టుమెంటాయనరా. పగలు ఫైళ్లు చూసి రాత్రి మొహానికి రంగేసుకుంటారు" అనేవారు. నాటకాల వాళ్లు చాలామంది అలాగే ఉండేవాళ్లు ఆ రోజుల్లో, గుమస్తాలు, టీచర్లు, బ్యాంకువాళ్లు. సాయంత్రం ఆఫీసయ్యాక ఎవరింటి వరండాలోనో రిహార్సలు, సొంత డబ్బుతో విగ్గులు, పరిషత్తు పోటీలకి రైల్లో థర్డ్ క్లాసు ప్రయాణాలు. దాంట్లో డబ్బు వచ్చేది ఏమీ లేదు. నాటకం వేశాక తెల్లారి ఎదురు ఖర్చు లెక్కపెట్టుకునేవాళ్లే ఎక్కువ.

నేను చూసింది నా తొమ్మిదో ఏటో పదో ఏటో, అంటే శంకరాభరణానికి ఒకటి రెండేళ్ల ముందు. నాన్న నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లారు. స్టేజీకి బాగా దగ్గర్లో, పిల్లల కోసం వేసిన జంపఖానా మీద కూర్చున్నాను. పైనుంచి రెండు మైకులు వేలాడుతున్నాయి. కొత్త నటులైతే డైలాగు చెప్పడానికి మైకు కిందకి వచ్చి నిలబడి, చెప్పేశాక వెనక్కి వెళ్లిపోయేవారు. అది చూస్తుంటే మనకే టెన్షన్. ఆయన మాత్రం ఆ మైకులు ఉన్నట్టే లెక్కచెయ్యలేదు. ఎక్కడ నిలబడితే అక్కణ్ణుంచే వినబడింది, గొణిగినా వినబడింది.

కన్యాశుల్కం మొత్తం ఆడాలంటే రాత్రి చాలదు. 1897లో అచ్చయిన మొదటి పుస్తకం వేరు, 1909లో గురజాడ బాగా పెంచి వేసిన రెండోది వేరు. ఈ రెండోదాన్నే ఎవరి ఓపికను బట్టి వాళ్లు కోసుకుని ఆడతారు. ఎంత కోసినా ఎవ్వరూ తియ్యని సీను ఒకటుంది, మధురవాణి ఇంట్లో మంచం సీను. పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని గిరీశం కోసం వస్తుంది. గిరీశం మంచం కింద దూరతాడు. అక్కడ అప్పటికే రామప్పంతులు దాక్కుని ఉంటాడు. ఇప్పుడు ఆలోచించండి, ఆ మంచం కింద ఉన్నవాళ్లు నిజంగా అన్నదమ్ములు. తమ్ముడికి పడాల్సిన చీపురు దెబ్బ అన్నకి పడుతుంది. మా ఊళ్లో ఈ సంగతి తెలియనివాడు లేడు కాబట్టి ఆ దెబ్బ పడగానే లేచే నవ్వు మిగతా ఊళ్లలో నవ్వులాంటిది కాదు. మా పక్కనున్న ఓ పెద్దాయన నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకోవడం నాకింకా గుర్తే.

నేను కింద జంపఖానా మీద ఉన్నాను కదా, మంచం కింద ఆయన మొహం నాకు సూటిగా కనపడుతోంది. కుర్చీల్లో ఉన్న పెద్దవాళ్లకి అంత బాగా కనపడి ఉండదు. ఆ మొహంలో భయం ఉంది, కానీ ఆ భయంలో కూడా లెక్కలు వేసుకుంటున్నాడు, బయటపడితే ఏం చెప్పాలా, ఎవరి మీదకి తొయ్యాలా అని. కళ్లు ఒక వైపు పోతుంటే పెదాలు ఇంకో వైపు పోతున్నాయి. బయటికి వచ్చాక ఆయన మొదట చేసిన పని, ఉత్తరీయం తీసి రెండు అంచులూ పట్టుకుని దులిపి, గెడ్డం పైకెత్తి ఎడం భుజం మీదకి విసరడం. అంత పరువు పోయినవాడు కూడా ఆ ఒక్క విసురుతో పోయిందంతా తిరిగొచ్చేసిందన్నట్టు నిలబడ్డాడు. నాకు వెంటనే మా ఇంటి వంటిల్లు గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి కుర్చీల్లో నాన్న కోసం వెతికాను. ఆయన నన్నే చూస్తున్నారు, చూశావా అన్నట్టు.

రామప్పంతులు వేషం అందరూ అనుకునేంత తేలిక కాదు. కేవలం నవ్వించేస్తే వాడు ఉత్తి బఫూను అయిపోతాడు, వాడి వల్ల నిజంగా కాపురాలు కూలతాయన్న సంగతి జనం మర్చిపోతారు. మరీ చెడ్డవాణ్ణి చేస్తే మధురవాణి వాణ్ణి ఆడించే ఆటలో రుచి పోతుంది. 1955లో వచ్చిన సినిమాలో సీఎస్సార్ గారు ఆ వేషం వేశారు, ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి. సీఎస్సార్ రామప్పంతులు అద్భుతం, దాన్ని నేను కాదనను. కానీ ఆయన రామప్పంతుల్ని చూస్తే ముచ్చటేస్తుంది. సోమయాజులు గారి రామప్పంతుల్ని చూస్తే నవ్వుతూనే, వీడు మన ఇంటి పత్రాలు ఎక్కడున్నాయో కనిపెట్టేస్తాడేమో అనిపిస్తుంది. కంటె, అంటే మెడలో వేసుకునే నగ, దాని కోసం మధురవాణి తలుపు తియ్యని సీనులో ఆయన బయట నిలబడి బతిమాలుతుంటే, మా వెనక ఎవరో ఆడమనిషి "బాగయింది వీడికి" అని పైకే అంది. నటుడికి అంతకంటే ఏం కావాలి!

తర్వాత 1980 వచ్చింది.

ఫిబ్రవరి 2న శంకరాభరణం విడుదలైందని ఇప్పుడు అందరికీ తెలుసు కానీ అప్పుడు మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. హీరో పేరు పోస్టర్ మీద చూసి మా ఊళ్లోవాళ్లు మాత్రం ఆశ్చర్యపోయారు. అప్పటికి ఆయన మహబూబ్‌నగర్‌లో డిప్యూటీ కలెక్టరు. యాభై దాటిన మనిషి, రెవెన్యూ ఆఫీసరు, అందులోనూ మా రామప్పంతులు, సంగీత విద్వాంసుడి వేషమా! నాన్న ఆఫీసులో దీని మీద పందాలు కూడా వేసుకున్నారు. నాన్నకి కూడా లోపల్లోపల దిగులుగానే ఉందని నాకు తెలుసు. "విశ్వనాథ్ గారు ఆలోచించకుండా పెట్టుకోరు" అని రెండు మూడుసార్లు అన్నారు, తనకి తాను చెప్పుకున్నట్టు.

అందరం కలిసి వెళ్లాం, మామ్మతో సహా. మామ్మ అంతకుముందు హాల్లో చూసిన ఆఖరి సినిమా ఏదో పౌరాణికం. తెర మీద ఆయన కనపడగానే వెనక వరసలో ఎవరో "ఒరే, మన రామప్పంతులురా!" అన్నారు. హాలంతా నవ్వింది. మేమూ నవ్వాం. మా ఊళ్లో తప్ప ఇంకెక్కడా ఆ నవ్వు వచ్చి ఉండదు.

ఆ నవ్వు ఎక్కడ ఆగిపోయిందో సరిగ్గా చెప్పలేను. ఓ పది నిమిషాలు పట్టి ఉంటుంది. ఆయన నడిచి వస్తుంటే, భుజం మీద ఉత్తరీయం ఉంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను, ఎప్పుడు దులుపుతాడా అని. దులపలేదు. అది అక్కడ ఉందన్న ధ్యాసే ఆ మనిషికి లేదు. రామప్పంతులు కళ్లు ఒక్క క్షణం ఒకచోట నిలిచేవి కావు, ఈ మనిషి కళ్లు ఎవరి మీద పడితే వాళ్ల మీద అలా నిలిచిపోయాయి. రామప్పంతులు మాట ఎప్పుడూ ఎదుటివాడి మొహం చూసి మారుతుంది, శంకరశాస్త్రి మాట ఎవరున్నా ఎవరు లేకపోయినా ఒకటే. బ్రోచేవారెవరురా కీర్తనని పాడుచేస్తున్న మేష్టారి మీద ఆయన విరుచుకుపడే సీను వచ్చేసరికి హాల్లో చప్పుడు లేదు. నా పక్కన మామ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఆయన నిజంగా పాడేవాడు కాదు కదా, పాడింది బాలు. ఆ బాలు కూడా శాస్త్రీయంగా కచేరీ సంగీతం నేర్చుకున్నవాడు కాదు. మహదేవన్ గారి స్వరాలూ, వేటూరి గారి మాటలూ, బాలు గొంతూ, జంధ్యాల సంభాషణలూ, ఇంతమంది చేసిన పని ఒక్క మనిషి ఒంట్లోంచి వస్తున్నట్టు మనం నమ్మాలి. మాది సంగీత కళాశాల ఉన్న ఊరు, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలుగా, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు చెప్పిన కాలేజీ, ఘంటసాల గారు చదువుకున్న కాలేజీ. అక్కడి పాత విద్యార్థులు మా వీధిలోనే ఇద్దరుండేవారు, స్వరం ఒక్కటి తేడా వస్తే లేచిపోయే రకం. వాళ్లు పాటల మీద ఎన్నో వాదించుకున్నారు, అది శాస్త్రీయమా కాదా అని. కానీ తంబురా ముందు ఆయన కూర్చున్న తీరు మీద ఇద్దరూ ఒక్క మాట అనలేదు. మెడ నరం ఎక్కడ బిగియాలో, ఊపిరి ఎక్కడ తియ్యాలో అంత కచ్చితంగా ఉంది.

నాకు అప్పుడు తెలీలేదు కానీ తర్వాత తర్వాత అనిపించింది, ఆ నిలకడ ఆయనకి రామప్పంతులు నుంచే వచ్చిందని. నిలకడ లేని మనిషిని దాదాపు ముప్పయ్యేళ్లు ఒంట్లో మోసినవాడికి, ఏది తీసేస్తే నిలకడ మిగులుతుందో బాగా తెలుస్తుంది. దులపడం తీసేశాడు, ఓరచూపు తీసేశాడు, గొంతులో జారుడు తీసేశాడు. మిగిలింది శంకరశాస్త్రి. సినిమా చూసినవాళ్లు ఈయన నటించలేదు, అసలు మనిషే అలాంటివాడని అనుకున్నారు. మా ఊరివాళ్లం మాత్రమే ఆయన ఎంత నటించాడో చూడగలిగాం.

తర్వాత సంగతి మీకు తెలిసిందే. ఖాళీగా మొదలైన హాళ్లు నిండిపోయాయి. తమిళనాట కూడా తెలుగులోనే ఆడింది. మహదేవన్ గారికీ బాలుకీ వాణీ జయరాం గారికీ జాతీయ అవార్డులు వచ్చాయి. సోమయాజులు గారు ఎక్కడికి వెళ్లినా పెద్దవాళ్లు సైతం కాళ్లకి దణ్ణం పెట్టేవారట.

ఆ దణ్ణాలే ఆయనకి అడ్డమయ్యాయేమో. 1981లో బాపు గారి త్యాగయ్యలో త్యాగరాజు, అంతకుముందు అదే బాపు గారి వంశవృక్షంలో పెద్దాయన, విశ్వనాథ్ గారి సప్తపదిలో యాజులు. వీటిలో సప్తపది నాకు చాలా ఇష్టం. ఆచారం తప్ప ఇంకోటి తెలియని ముసలాయన, మనవరాలి మనసు ఎక్కడుందో తెలుసుకుని, ఆ హరిజన కుర్రాడి వెంట ఆమెని పంపించే దాకా ఆ మొహంలో జరిగే యుద్ధం మామూలుది కాదు. అవన్నీ మంచి వేషాలే, కాదనను. కానీ ఆ తర్వాత వరసగా గురువులు, తాతయ్యలు, పూజారులు, పెళ్లి పెద్దలు. ఒక విభూతి రేఖా ఒక ఉత్తరీయమూ ఇచ్చి నిలబెట్టేశారు. ఇంత గొప్ప దొంగచూపు ఉన్న నటుడికి, ఒక్క పెద్ద సినిమాలోనైనా ఓ పక్కా టక్కరి వేషం ఇద్దామని ఎవరికీ ఎందుకు తోచలేదో! శంకరశాస్త్రి చేత అబద్ధం ఆడిస్తే జనం ఒప్పుకోరనుకుని ఉంటారు. నాకు ఇది ఇప్పటికీ బాధే.

తమ్ముడు రమణమూర్తి గారి కథ ఇంకో రకం. 1957లోనే ఎం.ఎల్.ఏ. సినిమాతో తెర మీదకి వెళ్లారు, ఎన్నో వేషాలు వేశారు, కానీ గిరీశాన్ని మాత్రం వదల్లేదు. జుట్టు నెరిశాక కూడా ఆయన గిరీశం వేస్తే కుర్రాడిలాగే ఉండేవాడు. 2016 జూన్‌లో ఆయన పోయినప్పుడు పత్రికలన్నీ గిరీశం అనే రాశాయి. ఆ విధంగా ఆయన అదృష్టవంతుడు.

నేను సోమయాజులు గారిని దగ్గర్నుంచి చూసింది ఒక్కసారే, హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, రవీంద్రభారతిలో ఏదో నాటకం అయిపోయాక మెట్ల దగ్గర. మామూలు ప్యాంటు, తెల్ల చొక్కా. చుట్టూ జనం. ఒకావిడ తన పాపని ముందుకి తోసి "శంకరశాస్త్రి గారికి దణ్ణం పెట్టమ్మా" అంటోంది. ఆయన ఓపిగ్గా ఆ పాప తల మీద చెయ్యి వేశారు. నేను మూడు అడుగుల దూరంలో ఉన్నాను. నోటి చివర దాకా వచ్చింది, "రామప్పంతులు గారూ, మాది విజయనగరమండీ" అని. ఆ మాట వింటే ఆ కళ్లల్లో ఏం కదులుతుందో చూడాలని ఎంత కోరికో. అంతమంది దణ్ణాలు పెడుతుంటే మధ్యలో ఆ పేరు పిలవడానికి నాకు నోరు రాలేదు. కారు వచ్చింది, ఆయన వెళ్లిపోయారు. ఇంటికి ఫోన్ చేసి చెప్తే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పిలవాల్సిందిరా" అన్నారు.

2004 ఏప్రిల్ 27న సోమయాజులు గారు పోయారు. నేను ఆ వారం సెలవులకి ఊళ్లోనే ఉన్నాను. మర్నాడు పొద్దున్న పేపరు నాన్న ముందు చదివారు, ఎప్పుడూ లేనిది నాకివ్వకుండా మడిచి పక్కన పెట్టేశారు. తర్వాత నేను తీసి చూస్తే ఎక్కడ చూసినా శంకరాభరణమే. కన్యాశుల్కం గురించి కింద ఓ రెండు లైన్లు. నాన్న ఏమీ అనలేదు. స్నానానికి వెళ్లారు.

అప్పటికి నాన్నకి డెబ్భై రెండు. చేతులు వణికేవి. అమ్మ పోయి మూడేళ్లయింది. నేను హాల్లో కూర్చుని ఉన్నాను. నాన్న బయటికి వచ్చి, తలుపు దగ్గర ఆగి, తువ్వాలు రెండు అంచులూ పట్టుకుని దులిపారు. గెడ్డం పైకెత్తి ఎడం భుజం మీదకి విసిరారు. అది భుజం మీద నిలవలేదు, జారి కింద పడింది. వంగి తీసుకుని, మళ్లీ దులిపి, ఈసారి మెల్లగా వేసుకుని, ఖాళీ వంటింటి వైపు ఓరకంట చూశారు.

"చాల్లెండి రామప్పంతులు గారూ" అన్నాను నేను.